డ్రైవరుతో మాట్లాడరాదు

కారు కొనాలా వద్దా అన్నది ఆ ఇంట్లో కారుని బట్టి తేలే విషయం కాదు. మొగుణ్ణి బట్టి తేలాలి. ఈ సంగతి ఆ మొగుడికి తప్ప మిగతా అందరికీ తెలుసని ఆ ఇల్లాలి లెక్క. తెలియక చస్తుందా? ఆయన పెళ్లాం, బ్యూటీ పార్లర్ నడిపే పార్లరక్క నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నే జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన మొదటి ఆవిడ తల పూర్తిగా తడవక ముందే విషయం బయటపడింది. మధ్యాహ్నానికల్లా ఆ వీధిలో సగం తలలకు చేరిపోయింది.

"టెస్ట్ డ్రైవ్ అంటే కారుని పరీక్షించడం అనుకుంటున్నారాయన," అంది పార్లరక్క, దువ్వెనతో పైకెత్తి పట్టుకున్న జుట్టు మీద కత్తెర ఆడిస్తూ. "పరీక్ష కారుకి కాదమ్మా. ఆయనకి."

పరీక్ష కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. బండి నడుపుతూ ఆయన పక్కన కూర్చున్న పెళ్లాంతో మాట్లాడాలి. 'ఊ' కొట్టడం లెక్కలోకి రాదు. మనుషులు మాట్లాడుకున్నట్టు మాట్లాడాలి. మాట్లాడితే కారు కొంటారు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే కొనరు, అంతే.

వినడానికి ఇదేం పరీక్ష అనిపిస్తుంది. కానీ ఆయన ఎవరో తెలిస్తే అలా అనిపించదు. ఆయన ముప్ఫై ఏళ్ల పైచిలుకు సిటీ బస్సు నడిపి, ఈ మధ్యనే రిటైరైన డ్రైవరు. డిపోలో ఆయన పేరు ముత్యాలయ్య. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటాడని ఎవరో కండక్టరు పెట్టిన పేరు అది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. స్టీరింగ్ మీద చెయ్యి పడిందంటే నోటికి తాళం పడినట్టే. ఆయన నెత్తి మీద, అద్దం పక్కన, ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉండేది: డ్రైవరుతో మాట్లాడరాదు. ఆ మాటని ప్రయాణికులు పాటించినా పాటించకపోయినా ఆయన మాత్రం ప్రాణం పెట్టి పాటించాడు.

ఇంటి సంగతి వేరే చెప్పాలా? ఆయన తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లేవాడు, తిరిగొచ్చేసరికి ఆమె పార్లర్‌లో ఉండేది. ఆమె తాళం వేసి వచ్చేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. మధ్యలో దొరికిన కాస్త టైములో 'తిన్నారా', 'గొడుగు ఎక్కడ పెట్టావు', 'నీళ్లు వచ్చాయా' తప్ప ఇంకో ముచ్చట ఉండేది కాదు. అందుకే పార్లరక్క అప్పుడప్పుడూ పొద్దున పార్లర్‌కి వెళ్లేటప్పుడు కావాలనే కాసేపు ఆగి ఆయన బస్సే ఎక్కేది. సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చునేది. అక్కణ్నుంచి ఆయన మెడ కనిపించేది. ఆ మెడ మీద జుట్టు కత్తిరించింది తనే కనుక అది ఎంత తీరుగా ఉందో చూసుకుని మురిసిపోయేది. అంతకు మించి ఏమీ దక్కేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక ముందుకు వంగి, "ఏమండీ, ఇంటి తాళం మీ దగ్గరుందా?" అని అడిగింది. ఆయన తల తిప్పలేదు. ఎడమ చేతి వేలెత్తి బోర్డు చూపించాడు. బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. ఆ రాత్రి వంటింటి తలుపు మీద అట్టముక్క ఒకటి వెలిసింది: వంట చేసేవారితో మాట్లాడరాదు. అది వారం రోజులు అక్కడే ఉంది. ఆయన రోజూ దాన్ని చదివి, బుద్ధిగా తల వంచుకుని తిని వెళ్లేవాడు. ఏం లాభం? సాధించాలనుకున్నది ఆమె, సుఖపడింది ఆయన.

రిటైరయ్యాక అంతా మారుతుందనుకుంది. మారలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పమంటే ఆయనకి కునుకు పడుతుంది. ఆ మనిషికి ఒళ్లూ కళ్లూ మేలుకునేది చక్రం వెనక కూర్చున్నప్పుడే. ఆ మేలుకున్న మనిషిని పార్లరక్క ఇన్నేళ్లూ వెనక నుంచి చూసిందే తప్ప, ఒక్క రోజూ ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడాలని ఆమెకి ఎంత కోరికగా ఉందంటే, కారు కొందామని కూతురు ఫోన్‌లో అన్న రోజు ఆమెకి కారు కనిపించలేదు. పక్క సీటు కనిపించింది.

"అందులో కూడా ఇలాగే కూర్చుంటే మాత్రం నాకొద్దు తల్లీ," అంది కూతురితో. "బస్సే నయం. పక్కనున్న వాళ్లయినా మాట్లాడతారు."

*

షోరూమ్ నేల ఎంత నున్నగా ఉందంటే, తల వంచితే గడ్డం కింద ఏముందో కూడా కనిపిస్తోంది. అక్కడి సేల్స్ ఆయన మెడలో టై, నోట్లో మాట ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి. ఆయన కారు గురించి చెప్పడం మొదలుపెట్టే సరికి ముత్యాలయ్య మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, బండి కిందకి చూస్తున్నాడు.

"ఏం పడిపోయింది సార్?"

"ఆయిల్ కారుతోందేమోనని."

"కొత్త బండి సార్!" అన్నాడు టై ఆయన, తన పిల్లకి పేలు ఉన్నాయన్నంత బాధగా.

ముత్యాలయ్య నాలుగు టైర్లనీ కాలితో తట్టాడు. వైపర్లు ఎత్తి చూశాడు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడుందని అడిగాడు. పార్లరక్క మాత్రం నేరుగా వెళ్లి పక్క సీట్లో కూర్చుని, నెత్తి మీదున్న ఎండ అడ్డు దించి, అందులో అద్దం చూసుకుని, "వెలుతురు చాలదు, అయినా పర్లేదు," అంది. సీటు మెత్తగా ఉంది. కారు రంగు పండిన నిమ్మకాయ రంగు. ఆ రంగులో అదొక్కటే మిగిలిందనీ, సాయంత్రానికి ఇంకో కుటుంబం చూడ్డానికి వస్తోందనీ, ఏ సంగతీ తిరిగి రాగానే చెప్పేయాలనీ టై ఆయన చెప్పి వెనక సీట్లో ఎక్కాడు.  చూడగానే ఆ కారు పార్లరక్కకి నచ్చేసింది. అదే వచ్చిన చిక్కు. నచ్చని కారైతే ఆయన ఫెయిలైనా బాధ ఉండేది కాదు.

బండి కదిలింది. పార్లరక్క మొగుడి వైపు చూసింది. ఆయన్ని ఈ వైపు నుంచి, ఇంత దగ్గరగా, నడుపుతుండగా చూడడం ఇదే మొదటిసారి. కళ్లు రోడ్డంతా తిరుగుతున్నాయి. మొహంలో పదేళ్లు తగ్గాయి. ఎంత బావున్నాడు ఈయన, అనుకుంది. మెడ చూసి ఇన్నేళ్లు సరిపెట్టుకున్నానే అని ఒళ్లు మండింది కూడా.

"బావుంది కదండీ?" అంది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చాలా బావుంది మేడమ్," అన్నాడు వెనక నుంచి టై ఆయన.

"మిమ్మల్ని కాదు. ఏమండీ, స్టీరింగ్ తేలిగ్గా ఉందా?"

ముత్యాలయ్య పెదాలు కదిలినట్టే కదిలి ఆగిపోయాయి.

"వేలితో తిప్పేయొచ్చు మేడమ్! ఈ స్టీరింగ్‌లో ఉన్న ప్రత్యేకత ఏంటంటే…" అంటూ వసపిట్టలా అందుకున్నాడు టై ఆయన. పార్లరక్కకి ఆ టై పట్టుకుని బిగించాలనిపించింది.

మలుపు వచ్చింది. ముత్యాలయ్య వెనక ఇంకా బారెడు బస్సు ఉన్నట్టే రోడ్డు అంచుదాకా వెళ్లి, తీరిగ్గా, విశాలంగా తిప్పాడు. పక్కన స్కూటరు మీద వెళుతున్న మనిషి హడలిపోయి ఆగి, ఈ చిన్న కారుని చూసి నోరెళ్లబెట్టాడు. "సార్, ఇక్కడ నేరుగా పోనివ్వండి," అని టై ఆయన అంటూనే ఉన్నాడు, కారు పక్కకి తిరిగింది. అది షోరూమ్ వాళ్ల దారి కాదు. ముత్యాలయ్య పాత రూటు. ఆయన చేతులకి ఇంకో దారి తెలిస్తే కదా!

కొంత దూరం పోయాక కారు నెమ్మదించింది. పక్కకి వచ్చింది. కాలిబాట అంచుకి జానెడు దూరంలో, గీత గీసినట్టు ఆగింది. ఎదురుగా బస్ స్టాప్.

"ఏమైంది సార్?" అన్నాడు టై ఆయన కంగారుగా. "ఇంజన్ ఆగిందా?"

ఇంజన్ ఆగలేదు. ముత్యాలయ్య అద్దంలోకి చూస్తున్నాడు, ఎక్కేవాళ్లు ఎక్కారా అని. అప్పుడు తను చేసిన పని తనకే తెలిసి చెవులు ఎర్రబడ్డాయి. ఆలస్యమైపోయింది. స్టాపులో బెంచీ మీద కూర్చుని ఊలు అల్లుకుంటున్న పెద్దావిడ తల ఎత్తి చూసింది.

"ముత్యాలయ్యా! నువ్వేనా? మానేశావన్నారే!" అంటూ సంచీ, సూదులు, ఊలు ఉండ అన్నీ ఎత్తుకుని లేచి వచ్చి, వెనక తలుపు తీసి టై ఆయన పక్కన చతికిలబడింది. "బస్సు చిన్నదైపోయిందేంటయ్యా?"

"అమ్మా, ఇది బస్సు కాదు, కంపెనీ కారు…" అన్నాడు టై ఆయన.

"జరుగు నాయనా. లోపలికి జరుగు."

ఆయన జరిగాడు. జరిగిన వైపు తలుపు తెరుచుకుంది. డ్యూటీకి వెళుతున్న నర్సు ఒకామె, ఇస్త్రీ చలవ బట్టల్లో, "హమ్మయ్య, అంకుల్ వచ్చేశారు! కొత్త డ్రైవరు నిన్న నేను పరిగెత్తుకొస్తున్నా ఆపలేదు. మీరైతే వీధి చివర మనిషి కనిపించినా ఆగేవారు," అంటూ ఎక్కి కూర్చుంది. టై ఆయన మధ్యలో కత్తెరలో చిక్కిన కాగితంలా అయిపోయాడు. పెద్దావిడ ఊలు ఉండ తీసి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. "గట్టిగా పట్టుకో. కింద పడితే మాసిపోతుంది."

తలుపులు పడ్డాయి. అయినా కారు కదల్లేదు. ముత్యాలయ్య చేతులు చక్రం మీదే ఉన్నాయి, చెవులు మాత్రం దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అయ్యో, కండక్టరు లేడుగా!" అంది పెద్దావిడ. "రైట్ రైట్!"

కారు సాఫీగా కదిలింది. ఓరి దేవుడా, ఈ ముక్క కోసమా ఈయన ఆగింది, అనుకుంది పార్లరక్క.

అనుకుని ఊరుకుంటే అయిపోయేది. కానీ తిరిగి వెళ్లే టైము దగ్గర పడుతోంది. తాడో పేడో తేల్చుకోవాలి. "ఏమండీ, ఒక్క మాట చెప్పండి. బండి నచ్చిందా లేదా?" అంది గట్టిగా.

"ఉష్!" అంది వెనక నుంచి పెద్దావిడ.

"డ్రైవరుతో మాట్లాడకూడదండీ," అంది నర్సు మర్యాదగా.

"అవును మేడమ్, సేఫ్టీ," అన్నాడు టై ఆయన కూడా, ఊలు ఉండ గుండెకి హత్తుకుని.

పార్లరక్కకి కోపం కట్టలు తెంచుకుంది. "ఇది బస్సు కాదు! ఇక్కడ బోర్డు లేదు! ఈయన నా మొగుడు! ముప్ఫై ఏళ్ల నుంచి ఈయన మాట కోసం ఈయన వెనకే కూర్చున్నాను. ఇప్పుడు పక్కన కూర్చున్నా దిక్కు లేదా?"

అంటూనే చేత్తో కళ్లు తుడుచుకుంది.  ఆ దెబ్బకి టై ఆయన కూడా నోరు మూసుకున్నాడంటే చూసుకోండి.

పెద్దావిడ ముందుకు వంగి ఆమె మొహంలోకి తేరిపార చూసింది. "ఓహో… నువ్వా! డ్రైవరు వెనక సీటు నువ్వేనా! ఎక్కిన రెండో స్టాపుకే నిద్రపోయేదానివి."

"ఆ రోజుల్లో రాత్రి దాకా నిలబడి పని చేసేదాన్ని, పొద్దునకి కూడా అలసట తీరేది కాదు," అంది పార్లరక్క ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వెక్కిన రోజు మాకు పండగే తల్లీ. మిగతా రోజుల్లో ఆ గుంతలకి నడుములు విరిగేవి. నీ తల అలా కిటికీ ఊచ మీదకి వాలిందా, ఇక బస్సు ఉయ్యాలే. ఒక్క కుట్టు తప్పేది కాదు నాకు. ఈవిడ ఎక్కిందా లేదా అని చూసుకునే సూదులు బయటికి తీసేదాన్ని."

"మా డ్యూటీకి మాత్రం లేటయ్యేది," అంది నర్సు నవ్వుతూ. "అయినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు."

పార్లరక్క మొగుడి వైపు తిరిగింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి. ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఆ ఊచకి తన తల ఒక్కసారీ గట్టిగా కొట్టుకోలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తన అదృష్టం అనుకుందే తప్ప, అది ఒక మనిషి చేసిన పని అనుకోలేదు.

ఆసుపత్రి దగ్గర నర్సు దిగింది. ఆ తర్వాతి స్టాపు పెద్దావిడది. ఆవిడ గంట తాడు కోసం పైకి చెయ్యి చాచి వెతుక్కుంటుంటే టై ఆయన, ఏమనుకున్నాడో ఏమో, "టింగ్!" అన్నాడు. కారు ఆగింది. అందరూ నవ్వారు. పెద్దావిడ ఊలు ఉండ తీసుకుని, టై ఆయన బుగ్గ మీద తట్టి, దిగి వెళ్లిపోయింది.

కారు స్టాపులోనే నిలబడింది. ముత్యాలయ్య అద్దం చూసుకున్నాడు. చేతులు చక్రం మీద పెట్టుకున్నాడు. ఎదురుచూస్తున్నాడు. పార్లరక్కకి అప్పుడు వెలిగింది. బస్సులో అరవై మంది మాట్లాడినా ఈయన చెవిన పడేది ఒక్క మనిషి మాటే. ఆ మనిషి వెనక సీట్లో కూర్చున్న పెళ్లాం కాదు. కండక్టరు.

ఆమె గొంతు సవరించుకుంది.

"రైట్ రైట్," అంది.

కారు కదిలింది.

"ఇక నుంచి ఈ బండికి కండక్టర్ని నేను," అంది ఆమె. "కండక్టరుతో మాట్లాడకూడదని ఏ బోర్డు మీదా లేదు కదా?"

 ముత్యాలయ్య ఒక సిగ్నల్ దాటాడు. ఒక లారీకి దారిచ్చాడు. తర్వాత, చాలా కాలం వాడని కుళాయి తిప్పినప్పుడు వచ్చే గాలి లాంటి చప్పుడేదో ఆయన గొంతులోంచి వచ్చింది.

"ఆ మేడ చూడు," అన్నాడు. "పచ్చ తలుపు."

"ఆఁ, చూశాను! చూశాను, చెప్పండి!"

"అక్కడ ఒకాయన ట్రంపెట్ నేర్చుకునేవాడు. ఏళ్ల తరబడి ఊదాడు. ఒక్క రోజూ సరిగ్గా రాలేదు. ఒక పొద్దున ఎర్ర లైటు దగ్గర ఆగాను, అప్పుడొచ్చింది. మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా తప్పు లేకుండా. పచ్చ లైటు పడ్డా కదల్లేకపోయాను. నీకు చెబుదామనుకున్నా. ఇంటికొచ్చేసరికి నువ్వు లేవు."

 ఎక్కడ ఆగిపోతాడో అని పార్లరక్క 'ఊ' కొట్టడానికి కూడా భయపడింది.

ఆయన ఆగలేదు. "ఈ గుంత ఉందే, పూడ్చిన ప్రతిసారీ ఇంకాస్త పక్కకి జరుగుతుంది. అదిగో, ఆ బట్టల షాపు బొమ్మకి చెయ్యి విరిగింది. అందుకే మండుటెండల్లో కూడా దానికి శాలువా కప్పుతారు. ఆ మూల ఇంట్లో కుక్క నా బస్సుని చూసే మొరిగేది. ఇంకే బస్సునీ పట్టించుకునేది కాదు. నా సెలవు రోజు కూడా దానికి తెలుసని మా కండక్టరు అనేవాడు…" ముత్యాలు కాదు, గంపలకొద్దీ రాలుతున్నాయి. ఇన్నేళ్లు అద్దంలోంచి చూసినవన్నీ ఆ మనిషి ఒక్కటీ పారేయకుండా దాచుకున్నాడు.

కారు ఇంకో వీధిలోకి తిరిగింది. ఆయన యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలించాడు. ఎదురుగా తెలిసిన గాజు తలుపులు, తెలిసిన కర్టెన్లు. పార్లరక్క పార్లర్.

"ఇక్కడ ప్రతి ట్రిప్పుకీ కాలు తీసేవాణ్ణి," అన్నాడు. "లోపల నువ్వు కత్తెర పట్టుకుని నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతూ కనిపించేదానివి. ఏం చెబుతున్నావో వినిపించేది కాదు. తర్వాతి స్టాపు దాకా నేనే ఊహించుకుంటూ పోయేవాణ్ణి."

పార్లరక్క ఇక ఆగలేకపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి ఒక్క మాట కూడా దొరకలేదు. ఆయన చేతి మీద చెయ్యి వేసి, మలుపు రాగానే బుద్ధిగా తీసేసింది.

*

షోరూమ్ ముందు ఇంకో కుటుంబం అప్పటికే నిలబడి ఉంది. టై ఆయన దిగి, టై సరిచేసుకుని, కిటికీలోకి వంగాడు. "వాళ్లు వచ్చేశారు. ఏం తేల్చుకున్నారు సార్?"

ముత్యాలయ్య ఇంజన్ ఆపలేదు. ఆయన వైపు చూడనైనా చూడలేదు. పెళ్లాం వైపు తిరిగాడు.

"పాసయ్యానా?" అన్నాడు.

పార్లరక్క ఉలిక్కిపడింది. "మీకెవరు చెప్పారు?"

"నువ్వు పార్లర్‌లో చెప్పావుగా. మధ్యాహ్నానికి డిపో దాకా వచ్చింది, అక్కణ్నుంచి నా దాకా." ఆయన చక్రం మీద వేళ్లు ఆడించాడు. "బయల్దేరగానే మాట్లాడదామనే నోరు తెరిచాను. మాట రాలేదు. భయమేసింది."

ఇంత మనిషికి భయమట. తన దగ్గర ఫెయిలవుతానేమోనని భయమట. పార్లరక్కకి ఆయన్ని అక్కడికక్కడే ముద్దు చేయాలనిపించింది. ఇంకో కుటుంబం చూస్తోందని ఆగింది.

"కారు మాదేనండీ," అంది టై ఆయనతో, మొగుడి మొహం మీంచి చూపు తిప్పకుండా. తర్వాత నిటారుగా కూర్చుని, తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. "రైట్ రైట్!"

నిమ్మకాయ రంగు కారు కదిలిపోయింది.

"సార్! సార్, సంతకాలు!" అంటూ టై ఆయన, టై భుజం మీదకి ఎగురుతుండగా, వెనకాలే పరుగందుకున్నాడు. అద్దంలో అది చూశాడు ముత్యాలయ్య. పరిగెత్తుకొచ్చే మనిషిని వదిలి వెళ్లడం ఆయనకి ఈ జన్మలో చేతకాదు. కారు నెమ్మదించి ఆగింది. టై ఆయన రొప్పుతూ ఎక్కి కూర్చున్నాడు.

"ఎక్కడికి మేడమ్? ఇప్పుడు మళ్లీ ఎక్కడికి?"

"ఇప్పటిదాకా చూసింది సగం రూటే. ఆ చివరి దాకా వెళ్లొద్దాం, తర్వాత సంతకాలు," అంది పార్లరక్క. "మీరు మాత్రం కాసేపు మాట్లాడకండి. ఆయన చెబుతున్నారు, విననివ్వండి."